బెల్టు చివరిదాకా

పోతీ రేవులో ఓడ దిగి
మా రుస్తావి చేరే ప్రతి బండికీ
కాగితం మీద ఒక మాట అంటుకుని ఉంటుంది: సాల్వేజ్.
మా అమ్మాయి అర్థం చెప్పింది.
బతికించే ఖర్చు బతుకుకంటే ఎక్కువని
ఎవరో బల్ల ముందు కూచుని తేల్చారట.
అది సముద్రం అవతలి లెక్క.
ఇక్కడ కూలి చవక,
లెక్క తిరగబడుతుంది.

ఓతార్ సొట్టలు తీస్తాడు.
పెళ్ళినాడు నా బుగ్గ చూసి
ఈ సొట్ట జోలికి మాత్రం పోనన్నవాడు.
జుంబేర్ అమ్ముతాడు.
నేను లోపల కడుగుతాను.

లోపల అంటే,
బియ్యపు నూకల్లాంటి గాజు.
ఎన్నిసార్లు ఊడ్చినా సీటు పట్టాల సందులో ఇంకో నాలుగు పలుకులు.
పేలిన ఎయిర్‌బ్యాగ్ రాల్చిన తెల్లపొడి.
చంటిపిల్లల బూటు, ఒకటే.
గుడ్లు, సబ్బు, నాన్న మందులు
అని రాసుకున్న చీటీ.
మందులు కొన్నారో లేదో చీటీలో లేదు.
అన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో వేస్తాను.
దాచుకోవడానికి కారణమంటూ లేదు,
పారెయ్యడానికీ లేదు.

ఈ బూడిదరంగుది వరదలో మునిగింది.
తివాచీలు పీకి మూడు రోజులు ఎండబెట్టాను,
వెనిగర్‌తో తుడిచాను,
ముక్కు పెట్టి వాసన చూశాను, మళ్ళీ తుడిచాను.
స్టెప్నీ గుంతలో
వేలెడంత చేప,
ఎండి, కన్నుతో సహా.
బెల్టులు మార్చమంటే జుంబేర్ డబ్బుల్లేవన్నాడు.
సరేనని మూరెడు మేర ఉతికాను.
అంతకు మించి ఎవడు లాగుతాడు?

ఆదివారం గ్యూమ్రీ నుంచి వర్తుహి వచ్చింది.
వచ్చే మగవాళ్ళంతా
పెయింటు మందం కొలిచే మిషను పట్టుకుని
పెద్ద డాక్టర్లలా బండి చుట్టూ తిరుగుతారు.
ఈమె చేతిలో ఏమీ లేదు.
ఎక్కి కూచుంది.
బెల్టు లాగింది.
ఇంకా లాగింది.
నూతిలోంచి చేంతాడు లాగినట్టు
చివరిదాకా లాగింది.

నాలుగు వేళ్ళ మేర మట్టిచార.

జుంబేర్ తల్లి మీద ఒట్టేశాడు.
గేటు దగ్గర పొద్దుతిరుగుడు గింజలమ్మే తల్లికి
అది వినపడింది.
"నన్ను వదిలెయ్యరా, ఈ వారంలో ఇది ఆరో ఒట్టు!"

అందరం నవ్వాం.
ఆ నవ్వు మధ్యలోనే నేను లేచి వెళ్ళి
డబ్బా తెచ్చాను.
ఎందుకు తెచ్చానో ఇప్పటికీ చెప్పలేను.
చేపను తీసి డాష్‌బోర్డు మీద పెట్టాను.

వర్తుహి దాన్ని చూసింది, నన్ను చూసింది,
"ఎంత తగ్గిస్తావు?" అని జుంబేర్‌ని అడిగింది, రష్యన్‌లో.
నాలుగు వందల డాలర్లు తగ్గాయి.
నోటిమీద నోటు పెట్టి లెక్కపెడుతుంటే
నా నోరు ఊరుకోలేదు.
"పూర్తిగా మునిగిన బండి తల్లీ,
వైర్లు ఏ రాత్రి చచ్చిపోతాయో ఎవరికీ తెలీదు."

"నేను మంత్రసానిని" అంది.
"నీళ్ళలోంచి వచ్చేవాళ్ళనే కదా
ఇరవై ఏళ్ళుగా పట్టుకుంటున్నాను.
ముందు ఏడుస్తుందో లేదో చూద్దాం."
అని అరచేత్తో హారన్ నొక్కింది.

బొంగురుగా ఉంది.
కానీ ఏడ్చింది.

ఆ నాలుగు వందలూ నా జీతంలో కోస్తానని
జుంబేర్ సాయంత్రం దాకా అరిచాడు.
కోసింది నూటయాభై.
ఓతార్ ఏమీ అనలేదు,
సుత్తి మాత్రం కాస్త గట్టిగా మోగింది.

చేప ఆమెతోనే పోయింది.
వెనక ఎడమ లైటులో
నేను ఎంత ఆరబెట్టినా పోని గుక్కెడు నీళ్ళు
వంతెన దగ్గర బ్రేకు వేసినప్పుడు
ఎర్రగా ఊగాయి.

ట్రైలరు ఇంకో ఎనిమిదింటిని దించుతోంది.
గాలి లేచింది.
నా చీపురెక్కడ?