రెండు బ్రాకెట్ల నడుమ

కూడేరు డిపో ముందర మూడో పొద్దు కూడా
మారెక్క వరసలోనే నిలబడింది.
జాబితాలో పేరు లేదు.
అనంతపురంలో, సప్తగిరి సర్కిల్ పక్క సందులో,
రెండో అంతస్తులో, నా తెర మీద మాత్రం
ఆరువేల మూడువందల పద్దెనిమిది దరఖాస్తులు,
అన్నీ పచ్చగా.
జూన్ నెలలో ఈ జిల్లాలో అంత పచ్చదనం చూసినప్పుడే
నాకు అనుమానం రావల్సింది.

లాగ్ ఫైలు తిరగేస్తే ఒక్క మూలుగు లేదు.
తేలు కుట్టిన దొంగ ఇంట్లో ఉన్నట్టు
అంత నిశ్శబ్దం.

రాత్రి పదకొండుకు దాదాపీర్ పట్టుకున్నాడు.
సర్వే నంబరు 214/2అ.
ఆ గీత పక్కన తెలుగక్షరం గొంతుకు అడ్డం పడి
ప్రోగ్రాం కేక పెట్టింది, నిజమే.
కేకను పట్టడానికి ఒక క్యాచ్ ఉంది, అదీ నిజమే.
పట్టుకుని ఏం చేసిందంటే
ఏమీ చెయ్యలేదు.
రెండు బ్రాకెట్ల నడుమ ఖాళీ జాగా,
అందులో ఒక మాట: తర్వాత చూద్దాం.

నెట్ పోయినా, డిస్కు నిండినా, మనిషి పేరే పోయినా
అన్నిటికీ ఒకటే గోతాం,
ఒకటే మూతికట్టు.

దాని కింద ఇంకోటి: కాకపోతే మళ్లీ చెయ్యి,
మళ్లీ, మళ్లీ.
మా నాయన ఎండిన బోరుకు మోటరు వేసి వదిలినట్టు.
నీళ్లు రాలేదు. కాయిల్ కాలిన వాసన వచ్చింది.

పై మెట్టుకు కొంచెం మర్యాద తెలుసు.
తప్పును పైకి పంపేటప్పుడు
ఊరూ పేరూ తుడిచేసి
"ఏదో పొరపాటు జరిగింది" అంటుంది.
చావు కబురు చల్లగా చెప్పి
పోయినోళ్లెవరో చెప్పనట్టు.

ఈ పని ఎవడు చేసినాడ్రా, అని గట్టిగానే అడిగినా.
దాదాపీర్ తెర నా వైపు తిప్పినాడు.
నాలుగేండ్ల కిందటి తేదీ. సాయంత్రం ఆరూ యాభై.
నా పేరు.
గుర్తుంది. తెల్లారితే డెమో,
తెర మీద ఎర్రగీత కనపడగూడదన్నారు.
కనపడలేదు.

మర్నాడే పేరెక్కించి, ఫోను చేసి చెప్పినా.
"వాన శుక్రారం పడె గదమ్మా," అనింది మారెక్క,
"పదునారినాంక ఇత్తనం తెచ్చుకోని ఏం జేసేది,
ఏంచుకోని తినల్లనా?"
తిట్టలేదు. తిట్టింటే బాగుండు.

ఆ ఖాళీలో మేమేమీ నింపలేదు.
క్యాచ్‌నే పీకేసినాం. అరిస్తే అరవనీ.
మొన్న రాత్రి మూడింటికి ఫోను మోగింది:
బెళుగుప్ప, బోయ కదిరెప్ప,
ఆధార్‌లో ఒక ఇంటిపేరు, బ్యాంకులో ఇంకోటి.
దాదాపీర్ గొణుక్కుంటా లేసినాడు.
నేను లైటు వేసి
ఆ పేరు ఇంకోసారి, పైకి చదివినా.