నాలుగు మెట్లు

ఎర్రగుంట్ల దాటినాక గాలికి రాతిపొడి వాసన.
బండల ఫ్యాక్టరీల పాలీషు నీళ్ళు
కాలవలో ఎండి, మీగడలా పగిలి ఉంటాయి.
పొద్దున తొమ్మిదికే నా చెప్పులు మెత్తబడినాయి.
సంచిలో పన్నెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు,
బీపీ మిషను,
ముసలోళ్ళ పేర్లు రాసుకున్న ఆశా బుక్కు.

మూడో వీధి, ఏడో పేరు:
హుసేనమ్మ, డెబ్బై ఎనిమిది.
పీరుసామికి మొక్కుకుంటే పుట్టిందంట.
ముప్పై ఏళ్ళు గనిలో తట్ట మోసింది.
ఇప్పుడు నల్లబండ మిద్దె కింద కూచోనుంటుంది.
ఆ మిద్దె పగలంతా ఎండ మింగి
నడిరేయి దాకా ఆమె మీద ఊదుతుంది.

"జేజీ, నీళ్ళు తాగితివా?"
"తాగితి పో."
కడవ మీద మూత, మూత మీద లోటా,
లోటాలో నిన్నటి దుమ్ము.

నేర్చుకొచ్చిన మాటలన్నీ చెప్తి:
పదకొండు నించి నాలుగు దాకా గడప దాటొద్దని,
దప్పికయ్యేదాకా కాచుకోవద్దని.
దప్పిక, వయసు మళ్ళినాక,
చెప్పాపెట్టకుండా రావడం మానేసిన చుట్టం.
తల ఊపింది.
రవికె సందున దాచిన ఎర్రగడ్డ తీసి చూపించింది.
"ఇది ఉండంగ నాకు వడగాలి తగల్దు మే."
"సంగట్లో నంజుకో జేజీ, బాగుంటాది.
అది నీళ్ళు కాదు గదా" అంటి.
నవ్వింది. పెదవి చీలింది.
నాలిక సుద్దముక్క.

మరుసట్రోజూ అంతే.
ఆ మరుసట్రోజు మంచంపట్టె పట్టుకొని
నన్ను "రావులమ్మా" అని పిలిచింది.
రావులమ్మ ఆమె చెల్లెలు.
గనిగోడ కూలి పోయి ఇరవై రెండేండ్లు.

చెయ్యి పట్టుకుంటే పెనం. చెమట చుక్క లేదు.
పక్కింటి దస్తగిరమ్మ చెంబుతో పరిగెత్తుకొచ్చింది.
మత్తులో ఉండాది, నోట్లో పొయ్యొద్దంటి.
ఆ నీళ్ళే చీరముక్కలకు పోసి
మెడకు, చంకలకు, గజ్జలకు వేస్తిమి.
నేను 108కు ఫోను, ఆమె విసనకర్ర.
బండి వచ్చేదాకా ఇద్దరం
ఒకరి మొగం ఒకరం చూడలేదు.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో మూడు దినాలు.
నాలుగో దినం మాపటేల, ఇంట్లో,
గోడకేసి తిరిగి చెప్పింది:
"కోప్పడొద్దు మే. తాగితే పోవాల గదా."

యాడికి?

లెట్రిను పెరట్లో. నాలుగు మెట్లు దిగాల.
నున్నగా పాలీషు పట్టిన బండలు,
ఆమె మోసిన గనిలోవే.
మధ్యాన్నం అరికాలు బొబ్బలెక్కిస్తాయి,
రేయి కండ్లకు ఆనవు.
పోయిన ఉగాదికి ఆడే పడింది. ఎవరికీ చెప్పలే.
అప్పట్నించి నీళ్ళను కొలుచుకుంటాంది:
మాత్రకు ఒక గుక్క,
సంగటికి ఒక గుక్క,
నేను వచ్చి పోయినాక సగం గుక్క,
నా మొగం చూసి.

నా బుక్కులో ఆ గడి లేదు.
నీళ్ళు తాగుతున్నారా, అవును, కాదు.
మెట్లెన్ని అని పైవాళ్ళు అడగలేదు,
నేనూ అడగలేదు.

దస్తగిరమ్మ కొడుకు మౌలాలి
పాత బోరుపైపు ముక్క తెచ్చి గోడకు బిగించినాడు.
తడిపిన గోనెపట్టలు పరిస్తిమి.
గడపకాడ బల్బొకటి.
బీపీ మాత్రల్లో ఒంటేలుకు పంపేది ఒకటుండాదని
డాక్టరమ్మకు చీటీ రాస్తి,
ఎండాకాలం దాన్నేం చెయ్యాల్నో ఆమే చెప్పాలని.
మిద్దెకు సున్నం పూస్తాంటే నడమ సున్నం అయిపాయె.
సగం తెలుపు, సగం నలుపు.
మంచం తెల్లసగం కిందికి జరిపితిమి.

హుసేనమ్మ పైపు పట్టుకొని దిగింది. ఎక్కింది.
మళ్ళీ దిగింది, ఊరికే,
సంతలో ఎద్దును నడిపించి చూసినట్టు.
ఎక్కొచ్చి లోటా కడిగింది.
నిండా ముంచింది.

ఆ గొంతులో నీళ్ళు దిగే చప్పుడు
వీధి మలుపు దాకా నా ఎనకనే వచ్చింది.

ఎనిమిదో పేరు: ఓబులేసు, ఎనభై ఒకటి.
సంచి దించకముందే అడిగితి,
"అబ్బా, మీ లెట్రిను యాడుండాది?"