తాళంచెవి జేబులో ఉంది

తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను.
బండి మాత్రం డగడగమంటూనే ఉంది.

మిదెల్త్ టాక్సీ స్టాండులో ఇది పాతబడ్డ వింత.
ఆపిల్ బుట్ట దించుకుంటూ ముసలి ఇత్తో అంటుంది:
"జైద్, దీనికి నీ మాటంటే లెక్కలేదా?"
అని, వెనక కుడి తలుపు
ధన్‌మని వేసి పోతుంది.

మూడు వారాలుగా ఇదే తంతు.
దిగాలి, బానెట్ ఎత్తాలి,
ఇంజను పక్కన చిన్న మీటని వేలితో నొక్కి పట్టాలి,
అది దగ్గి, ఒళ్లు విదిలించి, ఊపిరి వదిలేదాకా.
జాద్ కనుమ మీద మంచు కురుస్తుంటే
ఆరుగురు లోపల వెచ్చగా ఇరుక్కుని
నన్ను చూసి నవ్వేవాళ్లు.

మెకానిక్ ఇద్దెర్ అన్నాడు:
"ఈ డీజిలు బండిని ఆపేది తాళం కాదు, శూన్యం.
పంపు గాలినంతా లాగేసి
గొట్టాల్లో ఏమీ లేకుండా చేస్తుంది.
ఆ ఏమీలేనితనమే తలుపులకి గడియ,
బ్రేకుకి బలం,
అదే ఇంజను గొంతు నొక్కేది.
నీ బండిలోకి ఎక్కడో
ఏదో వచ్చి చేరుతోంది."

చక్రం ట్యూబైతే నీళ్లలో ముంచుతాం,
బుడగ పైకొచ్చి చిల్లు మీద చాడీ చెబుతుంది.
ఇక్కడ బుడగ ఉండదు.
గాలి బయటికి పోదు, లోపలికే దూరుతుంది
పిలవని పేరంటంలా.

ఒక్కో గొట్టానికీ చేతిపంపు తగిలించి
ముల్లుని ఐదువందల దాకా లాగి
పుదీనా టీ అందుకున్నాడు.
గోధుమరంగు గొట్టం: గ్లాసు ఖాళీ అయింది, ముల్లు కదల్లేదు.
పసుపు చారల గొట్టం:
గ్లాసు పెదవి దాకా రాకముందే
ముల్లు సున్నా మీద పడుకుంది.
దాని మూతికి మేకు దిగ్గొట్టి
"ఇప్పుడు తిప్పు" అన్నాడు.
ఠక్కున ఆగింది బండి.
"దొంగ తలుపుల్లో ఉన్నాడు."

తలుపుల అట్టలు ఊడదీస్తే
పొద్దుతిరుగుడు పొట్టు, ఇరవై సాంతీముల నాణెం,
ఎవరో పాప తలపిన్ను.
నలభై ఏళ్ల ఇంజన్లు ఇద్దెర్ చెవులు తినేశాయి.
అందుకే కూతురు తూదాని పిలిచాడు.
పదిహేడేళ్ల పిల్ల,
రబ్బరు ముక్క ఒక కొస చెవిలో పెట్టుకుని
రెండో కొసతో బండి ఒళ్లంతా తడిమింది.
మేకు తీసేశాం, ఇంజను మోగుతోంది,
ఆ మోతలో ఈల ఎలా వినబడిందో!
వెనక కుడి తలుపు బందు దగ్గర
"ఇక్కడ" అంది.

నన్ను సిగరెట్టు ముట్టించమంది.
పొగ తిన్నగా లేచింది,
దారిలో ఏదో గుర్తొచ్చినట్టు
పక్కకి తిరిగి
చీలికలోకి వంగింది.

వేలెడంత రబ్బరు వంపు.
పగుళ్లు దేరిన మడమలా ఉంది.
తూదా మడిస్తే అప్పడంలా విరిగింది.
"మిగతావీ ఈ కాన్పువే," అన్నాడు ఇద్దెర్,
"ఇవాళ ఇది, ఎల్లుండి దీని తమ్ముడు."
మీటరు గొట్టం కత్తితో ముక్కలు కోశారు.
కొసని ఉమ్మితో తడిపి, మెలితిప్పుతూ ఎక్కించడం,
అలా పదకొండు.
చివరిదాని మూతి తూదా నా బొటనవేలికి ఆనించింది.
దూడ చీకినట్టు పట్టుకుంది.
కాసేపు వదిలించుకోబుద్ధి కాలేదు.

నూట ఎనభై దిర్హాములు.
రబ్బరుకి ముప్పై.
మిగతాది ఆ పిల్ల చెవికి.

మర్నాడు స్టాండులో తాళం తిప్పాను.
ఆగింది.
లోపల మాట్లాడుకుంటున్న వాళ్లూ ఆగారు.
నేను మామూలుగానే దిగి, బానెట్ ఎత్తి,
మీట మీద వేలు పెట్టి నిలబడ్డాను,
ఎవరి గొంతు నొక్కాలో తెలియక.

ముసలి ఇత్తో చూసింది.
ఏమీ అనలేదు.
బుట్ట నడుముకి ఆనించుకుని
వెనక కుడి తలుపు
మెల్లగా, నిద్రపోయే పిల్ల గదిదేమో అన్నట్టు,
చేరవేసింది.
సరిగ్గా పడలేదు.
నేనే వెళ్లి మళ్లీ వేశాను.