వేగం స్క్రూ

ఆదివారం పొద్దున డెక్కు మూత తీస్తి.
నాలుగు స్క్రూలుండాల్సిన చోట మూడుండాయి.
నాలుగోది ఎవరు పోగొట్టిరో
ఈ ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

పోయిన వానల దాకా తిరిగేది, ఈడ్చుకుంటా.
ఇప్పుడు లోపల బెల్టే లేదు.
బెల్టు ఉండిన చోట తారు మాదిరి
నల్లగా కరిగి అతుక్కోనుండాది.
వేలికంటితే సబ్బుకు పోలే,
కిరసనాయిలుకు పోలే,
మధ్యాన్నం సంగటి ముద్ద మీద
నా వేలిముద్ర పడింది.

గిరాంస్పేటలో జిలానీ సాయిబు అంగడి
ఇప్పుడు సెల్లు కవర్లది.
కొడుకు నవ్వె. "బెల్టులా అక్కా?"
బల్ల కిందినుంచి వాళ్ళ నాయన బిస్కెట్ల డబ్బా తీసె.
పౌడరు చల్లి పండబెట్టిన నల్ల చుట్టలు,
నీళ్ళు పోసిన బిడ్డల మాదిరి.
"మూడు కొల్తలు ఎత్తకపో.
సరిపోయిందానికి డబ్బులియ్యి."

చీపురుపుల్లకు దూది చుట్టి
స్పిరిట్లో ముంచి హెడ్డు తుడిస్తి.
దూది గోధుమరంగాయె.
ఇంగో దూది. ఇంగా రంగు.
దుమ్మనుకునేదాన్ని చిన్నప్పుడు.
సాయిబే చెప్పినాడు ఒకసారి:
"దుమ్ము కాదమ్మా, టేపే అది.
పాడినప్పుడల్లా రవ్వంత రాల్తాది."
ఆ దూదిని పారెయ్యబుద్ధి కాక
కాసేపు కిటికీలో పెడితి.
తర్వాత పారేస్తిలే.

మొదటి బెల్టుకు మోటారు మూలిగె.
రెండోది జారి పడె.
మూడోది కూచునె.

క్యాసెట్టు అట్ట మీద నాయన రాత:
మురకంబట్టు భారతం, పద్దెనిమిదో నాడు.
పగలంతా చక్కెర ఫ్యాక్టరీలో
చెరుకు బండ్లకు తూకం చీటీలు రాసే ఆయప్ప
రాత్రికి ద్రౌపది.
నాకు తెలిసిన ద్రౌపది గొంతు
బొంగురుగా, బరువుగా,
మాటమాటకూ ఒక మెట్టు దిగేది.
"భీముడే కోక కట్టినాడు" అని
పక్కింటి పిల్లోళ్ళు నవ్వేవాళ్ళు.
నేనూ నవ్వితి.
వినేదానికి నాయన లేడు కదా.

మోటారు వెనక చిన్న బొక్క.
లోపల ఒక స్క్రూ, వేగానిది.
ఎంత తిప్పాలో యాడా రాసిలేదు.
ఇట్ల తిప్పితే ముసలోడు,
అట్ల తిప్పితే ఉడత.
ఈ రెంటి మధ్య ఎవరో ఒకరు నిలబడుండారు,
ఎవరో నాకు తెలీదు.

గడప కాడ అమ్మ అనపగింజలు పితకతా ఉండాది.
తలెత్తకుండానే అనె:
"ఇంగ రవ్వంత."
తిప్పితి.
"ఇంగ రవ్వంత."
ఊపిరి బిగబట్టి తిప్పితి.
"ఎక్కువాయె. ఎనక్కి.
ఆఁ... చాలు, చాలు. వచ్చింది ఆయమ్మ."

గదిలో ఎవరో ఆడమనిషి.
నా కంటే చిన్నది.
విరబోసుకున్న జుట్టుకు నూనె అడగతా ఉండాది,
దువ్వెన అడగతా ఉండాది.
వెనక మద్దెల, అంతకన్నా వెనక
ఎవరిదో బిడ్డ ఏడుపు.
ఏడ్చింది నేనా అని అడగబోయి ఊరకైతి.

అమ్మ వేళ్ళ మధ్య గింజ జారి
పప్పు గిన్నెలో పడె, తొక్క ఒళ్ళో పడె.
"ఆ పొద్దు కట్టింది నా కోకే.
అంచు చించుకోనొచ్చె," అనె.
కోపం ఇంగా పచ్చిగానే ఉండాది.

మూత పెట్టి మూడు స్క్రూలు బిగిస్తి.
నాలుగో బొక్కను అట్లే వదిలిపెడితి,
రేపెప్పుడన్నా పుల్ల దూర్చి
అమ్మను మళ్ళీ అడిగేదానికి.