పదకొండు మైళ్ళు

నడుముకి పేజర్ కట్టుకుని ఇరవై రెండేళ్ళు.
అది అరిచిందంటే
చేతిలో ఉన్నది ఉన్నచోటే వదిలెయ్యాలి,
టీ కప్పో, సుత్తో, సగం అల్లిన పిల్ల జడో.
ఒకసారి సగం గీసిన గడ్డంతో సముద్రంలోకి వెళ్ళాను.
మునిగిపోతున్నవాడు నన్ను చూసి నవ్వాడు.

అప్పట్లో మా ఇల్లు రేవు మెట్ల మీద మూడోది.
గుమ్మం నుంచి పడవ షెడ్డుకి నూట నలభై అంగలు.
దిగుడు కదా,
పరుగు దానంతటదే వచ్చేది.

ఇంటావిడ మిసెస్ నాన్‌కారో పోయింది.
కొడుకులు ముగ్గురూ మంచివాళ్ళే.
మర్యాదగా వచ్చి కూర్చుని, మర్యాదగా టీ తాగి,
రెండు నెలల గడువిచ్చి ఇల్లు అమ్మేశారు.
ఎంతకో చెప్పను, అబద్ధమంటారు.
మా నాన్న జన్మంతా పట్టిన చేపల్ని
ఒకేరోజు కాటాలో వేసి అమ్మినా
ఆ వంటింటి కిటికీ వరకే వచ్చేవాళ్ళం.

ఇప్పుడు గుమ్మం పక్కన నల్లటి డబ్బా ఒకటి.
నాలుగంకెలు కలిస్తే తాళంచెవి రాలుతుంది.
ఇంటికి పేరు కూడా పెట్టారు, 'జాలరి విశ్రాంతి' అని.
ఆ జాలరి పదకొండు మైళ్ళ అవతల
తెల్లమట్టి గనుల ఊళ్ళో
చెప్పుల దుకాణం మేడమీద, రెండు గదుల్లో
విశ్రాంతి తీసుకుంటున్నాడు.

కార్న్‌వాల్ అంటే మీకు క్యాలెండర్ బొమ్మ.
మా డెలెన్, ఇంజన్ చూసే పిల్ల,
జనవరిలో ఓ రాత్రి రేవు వీధి పొడుగునా
వెలిగే కిటికీలు లెక్కపెట్టింది.
ముప్పై ఒక్క ఇళ్ళలో నాలుగు.
అందులో ఒకటి
దొంగల్ని భయపెట్టడానికి తనంతట తానే వెలిగే దీపమట.

పడవకి ఏడుగురు కావాలి.
ఆరుగురున్నాం, సర్దుకో అంటే
సముద్రం బేరానికి రాదు.
అందుకే పాస్కో వ్యాన్‌లో పడుకుంటాడు, రేవు పార్కింగులో,
పిలుపొస్తే దగ్గరుంటానని.
కౌన్సిల్ మనిషి వారంవారం వచ్చి
అద్దం మీద జరిమానా కాగితం అంటిస్తాడు.
ఆయనకీ ఇక్కడ అద్దె అందక
రెండు బస్సులు మారి వస్తాడు.
కాగితం అంటించాక ఇద్దరూ
ఒకే ఫ్లాస్కులో టీ పంచుకుంటారు.

ఆగస్టులో, మిట్టమధ్యాహ్నం, అరిచింది.
రోడ్డు నిండా కార్లు, కార్ల నెత్తిన పలకలు,
అందరూ సముద్రంవైపే,
నేనూ సముద్రంవైపే.
హారన్ మీద చెయ్యి తియ్యకపోతే
ముందు కారులో పాప వెనక్కి తిరిగి
చెయ్యి ఊపింది.
నేనూ ఊపాను. ఇంకేం చెయ్యను.

ముప్పై నాలుగు నిమిషాలు.
ఆరుగురూ తొడుక్కుని నిలబడి ఉన్నారు,
ఎవరూ ఏమీ అనలేదు.
గాలి లోపలికి లాక్కుపోయిన మనిషి
పలక అంచు పట్టుకుని నీలంగా ఉన్నాడు.
బతికే ఉన్నాడు. ఆ పూట అంతే,
అందులో మా గొప్పేం లేదు.

దుప్పట్లో చుట్టి, ఎక్కడ దిగారంటే
మెట్ల మీద మూడో ఇల్లు అన్నాడు.
లెస్టర్‌లో బస్సు నడుపుతాడట.
రెండేళ్ళు కూడబెట్టాడట ఈ ఒక్క వారానికి.
దారంతా కూడగట్టుకొచ్చిన కోపం
ఎవరి ముందు దింపాలో తెలియలేదు.

అతని వేళ్ళు వణికి అంకెలు తిరగలేదు.
అతను చెప్పాడు, నేను తిప్పాను.
తాళం వచ్చినా తలుపు రాలేదు.
ఉప్పుగాలికి ఉబ్బుతుందది,
కొంచెం పైకెత్తి భుజంతో నెట్టాలి.
నెట్టాను.

మీకెలా తెలుసు అన్నాడు.
పాత తలుపులన్నీ ఇంతే అన్నాను.

లోపల గోడలకి తెల్లరంగు.
జడలల్లే కిటికీ దగ్గర
గాజుసీసాలో గవ్వలు, కొన్నవి.

పేజర్‌లో బ్యాటరీ తగ్గింది.
వెనక్కి వెళ్ళే రోడ్డు మటుకు ఖాళీ,
ఒక్క కారూ లేదు.