దోసెడు తవుడు

రా, ఇలాగొచ్చి కూకో.
పేరేటన్నావు? ఊర్వశా?
ముందు ఆముదం రాసుకో, ఆపైన బూడిద.
గోరు సందుల్లోన కూడా రాయి,
జీడి ముందు అక్కడే కొరుకుతాది.
అప్పుడు గ్లవుజులు ఏసుకో.
మా కాలంలో ఇవి లేవు.
ఉన్నా, మాకిచ్చీవోళ్ళు లేరు.

పిక్కని ఇలా నిలబెట్టు.
నడుం మీద కొడితే గుండు ఇరిగిపోతాది.
ఇదిగో, ఈ సందున కత్తి పెట్టి
నిద్రపోయిన గుంటని లేపినట్టు
మెల్లిగా తిప్పాల.
తొందరపడ్డావో, బద్ద.

నా సేతులు సూస్తున్నావేటి?
సూడు, సిగ్గెందుకు.
పదమూడో ఏట కూకున్నాను సావుకారి బట్టీ కాడ.
తిత్లీ తుఫాను రాత్రికి
తోటలన్నీ ఏళ్ళు పైకెట్టి పడుకున్నాయి.
సావుకారు బట్టీకి తాళమేసి
విశాఖపట్నం ఎల్లిపోనాడు.
మాకు తాళమేసుకోడానికి ఏటున్నాది?

అప్పుడెల్లినాం కాశీబుగ్గ బేంకుకి,
పన్నెండు మందిమి, ఒకే ఆటోలో.
మిషను మీద వేలు పెట్టమన్నాడు ఆ పిల్లోడు.
పెట్టినాను. ఎర్రలైటు.
తుడుసుకుని పెట్టమన్నాడు.
కొంగుతో తుడిసినాను. ఎర్రలైటు.
పది వేళ్ళూ అయిపోనాయి.
"మీరు మీరేనని నాకెలా తెలుస్తాదమ్మా" అన్నాడు.
ఎటకారం కాదు, పాపం,
నిజంగానే తెలీక.

నా ఎనకాల పదకొండు మందికీ అదే ఎర్రలైటు.
మా ముద్రలన్నీ
ఎవరి పెళ్ళిలోనో
పాయసంలో ఏసుకుని తినీసినారు.

నాకేటయ్యిందో తెలీదు, నోరు ఇప్పినాను.
"బాబూ, నా పేరు తవిటమ్మ.
నా ముందు ముగ్గురు పుట్టి నిలబడలేదు.
నాను పుట్టగానే సేటలో ఏసి గుమ్మం కాడ పెడితే
పక్కింటి ముసల్ది దోసెడు తవుడిచ్చి కొన్నాది,
మళ్ళీ మా అమ్మకే పెంపకానికిచ్చీసినాది.
అంచేత నా ధర నాకు తెలుసు.
అక్కణ్ణించి ఎంత పెరిగినా లాభమే.
లోను రాయి."

రాయలేదనుకో.
అంత సినిమా కాదు.
ఏడుసార్లు తిరిగినాం.
ఆఖరికి కళ్ళు సూసీ మిషనొకటి తెచ్చినారు.
కళ్ళు మాత్రం
మావి మాకే ఉన్నాయి మరి.

మొదటి బస్తా మాడబెట్టీసినాను.
బాయిలరు కాడ లెక్క తప్పినాది.
పన్నెండు మందీ ఏమీ అన్లేదు,
అదే ఎక్కువ మండినాది నాకు.
ఆ నల్ల పప్పు అదిగో, సీసాలో,
దేవుడి పటం పక్కన.
దండం పెట్టినప్పుడల్లా రెండూ కనబడతాయి.

మంగళారం, శుక్రారం నానుండను.
మా ఆయన్ని పలాస తీసుకెల్తాను, డయాలసిస్‌కి.
ఆ రెండ్రోజులూ తాళాలు దమయంతప్ప కాడ.
మొదట్లో ఆస్పత్రి బెంచీ మీద కూకుని
గంటకోసారి ఫోను సేసీదాన్ని.
ఓరోజు అప్ప అన్నాది,
"ఒలే, బట్టీ ఇక్కడే ఉన్నాది.
నువ్వు ఆయన్ని సూసుకో."
అప్పట్నించి ఆ బెంచీ మీద
నిద్ర పడతాది నాకు.

అదీ, సూడు!
గుండొచ్చినాది. ఎక్కడా ఇరగలేదు.
సావుకారి కాడ ఒక్క పలుకు నోట్లో ఏసుకుంటే
సాయంత్రం కొంగు ఇప్పించి మరీ ఎతికీవోరు.
నాలుగు మణుగుల పప్పు ఒలిసి
దాని రుసి తెలీకుండా ఇంటికెల్లినోళ్ళం.

గ్లవుజులు తియ్యి. సేతులు కడుక్కునిరా.
మొదటి గుండు ఇక్కడ అమ్మం.
తిను.
అటూ ఇటూ సూడకు,
తిను.