నాలుగో అంతస్తు, అలమార్

హవానా సొరంగం దాటి తూర్పుకు అరగంట.
బస్సు దిగి వీధి పేరు అడిగితే
డామినోలు ఆడుతున్న ముసలాయన తలెత్తకుండానే నవ్వాడు.
వీధులకు పేర్లు పెట్టే తీరిక ఎవరికుంది ఇక్కడ,
అంకెలు చెప్పు.

చెప్పాను. మూడుసార్లు తప్పిపోయాను.
ఒకే అచ్చులో పోసిన మేడలు,
ఆరేసిన దుప్పట్లే ఆనవాళ్లు.

నాలుగో అంతస్తులో ఒడీలియా.
లిఫ్టు లేదు. నీళ్లు రోజు విడిచి రోజు.
కాఫీ మాత్రం రెండు గుక్కలు, చిక్కగా.
కప్పు బల్లమీద పెట్టాను.
అది మెల్లగా సముద్రం వైపు జారింది.

"ఈ గచ్చు మా ఆయన చేతిది.
బస్సు డ్రైవరు, తాపీ పట్టింది ఈ ఇంటితోనే.
మేడ కట్టినవాళ్లంతా అంతే,
ఒక పళ్ల డాక్టరు, ఇద్దరు టైపిస్టులు, ఫ్లూటు వాయించే రిగోబెర్తో.
పలకలు పరుస్తుంటే కబురెళ్లింది, నాకు నొప్పులని.
మట్టం చూడకుండా పరిగెత్తుకొచ్చాడు.
సిమెంటు ఆగదుగా."

ఆ పిల్లకిప్పుడు నలభై ఆరు.
కింద నీళ్ల మోటారును తిడుతోంది,
గొట్టాల్లోంచి అన్ని అంతస్తులకీ వినబడేలా.

కిటికీ అవతల ఇసుక లేదు.
కుక్కపళ్లంటారు ఆ రాతిని.
ఉప్పుగాలి బాల్కనీ ఇనుమును కొరుకుతోంది.
రాలిన పెచ్చులు ఊడ్చి డబ్బాలో దాస్తుంది,
ఎందుకో చెప్పలేదు.

సరిచేయించలేదా, అన్నాను.
"ఆయన పోయాక ఒక మేస్త్రి మట్టం పెట్టి చూపించాడు.
బుడగ ఎటు పోయిందో చూశాను.
చాల్లే, వెళ్లమన్నాను."

లేస్తూ బల్లకాలి కింద
బస్సు టికెట్టు మడిచి పెట్టాను.
వంగి, తీసేసింది.
"జారనీ. అంచుదాకా వెళ్లి ఆగుతుంది."